బట్టల తీగకు కలిపిన రేడియో

రేడియోలు బాగుచేసే బల్ల దగ్గర నేను కూర్చున్నది నాలుగేళ్ళే. ఇప్పుడు ఆ దుకాణమూ లేదు, ఆ పనీ లేదు. నోయిడాలో ఒక ఆఫీసులో కూర్చుని వేరేవాళ్ళు రాసిన రిపేరు నివేదికలు సరిచూస్తుంటాను. జ్ఞాపకాలు రాసుకునే వయసు నాకింకా రాలేదని తెలుసు. కానీ ఈమధ్య మా పాలిటెక్నిక్‌కి వెళ్తే చివరి సంవత్సరం అమ్మాయిలు ఇద్దరు అడిగారు, "అక్కా, ఈ పనిలో మీకు ఎప్పుడైనా భయం వేసిందా?" అని. నలుగురి ముందు నోరు విప్పడం నాకు చేతకాదు. నవ్వి ఊరుకున్నాను. ఇంటికి వచ్చాక పాత డైరీ తీశాను. ఆ ఇద్దరికీ, వాళ్ళలాగే సోల్డరింగ్ ఐరన్ కొత్తగా పట్టుకోబోతున్న మిగతావాళ్ళకీ ఈ జవాబు.

వేసింది. ఒక జనవరి రోజున పొద్దున పది నుంచి మధ్యాహ్నం దాకా.

మా నాన్న ఫరీదాబాద్‌లో ట్రాక్టరు విడిభాగాల కర్మాగారంలో పనిచేసేవారు. నేను పుట్టిందీ పెరిగిందీ అక్కడే. డిప్లొమా అయ్యాక మూడు కంపెనీల ఇంటర్వ్యూలకు వెళ్ళాను. మూడు చోట్లా జవాబు తెలుసు, మూడు చోట్లా అది గొంతు దాటి రాలేదు. చివరికి పాత మార్కెట్లో పాత రేడియోలు, టేపు రికార్డర్లు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గర చేరాను. అందరూ ఆయన్ని ఉస్తాద్‌జీ అనేవారు, నేనూ అలాగే పిలిచేదాన్ని. ఎఫ్ఎమ్ రేడియో సెల్‌ఫోన్లలోకి వచ్చేస్తున్న కాలంలో ఢిల్లీ చుట్టుపక్కల ఎవరింట్లో వాల్వు రేడియో మూగబోయినా ఆయన దగ్గరికే వచ్చేది. ఆయన ఎక్కువ మాట్లాడేవారు కాదు. నాకు అది బాగా నచ్చింది.

ఆయన దుకాణంలో ఒక నియమం ఉండేది. పరీక్ష కోసం తాత్కాలికంగా ఏ తీగ వేసినా ఎర్ర తీగే వెయ్యాలి. సెట్టు మూసే ముందు ఆయన వెనక అట్ట తీసి లోపలికి ఒకసారి చూస్తారు. ఎరుపు కనిపిస్తే పని మిగిలి ఉన్నట్టు, కనిపించకపోతే అయిపోయినట్టు. ఆ పాత సెట్ల లోపలి తీగలన్నీ నలుపూ గోధుమ రంగు గుడ్డ తొడుగులతో ఉండేవి కాబట్టి ఎరుపు కొట్టొచ్చినట్టు కనబడేది. ముప్ఫై ఏళ్ళుగా ఆ నియమం తప్పలేదని చెప్పేవారు.

దాన్ని తప్పించింది నేను.

ఆ సెట్టు నోయిడా నుంచి వచ్చింది. కేంద్ర ప్రభుత్వంలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన ఒక తెలుగాయన, భార్యతో కలిసి కారులో పట్టుకొచ్చారు. నల్లటి బేకలైట్ పెట్టె, ముందు బంగారు రంగు జాలీ, ఒక పక్క మూల చిన్న పగులు. ఉస్తాద్‌జీకి ఆయన ఎప్పటి నుంచో ఎరిక. నేను తలొంచుకుని పని చేసుకుంటుంటే గోడ మీద నా తెలుగు క్యాలెండర్ చూశారు.

"ఏమ్మా, మనవాళ్ళేనా? ఏ ఊరు?"

"శ్రీకాకుళం వైపు అంకుల్. పుట్టింది ఇక్కడే."

"అయినా మాట చక్కగా ఉందే. మా మనవడితో రెండు ముక్కలు తెలుగులో మాట్లాడితే 'నానూ, హిందీ మే బోలో' అంటాడు."

ఆయన బాధ ఏమిటంటే, ఢిల్లీలో ప్రభుత్వ క్వార్టర్లో ఉన్నన్నాళ్ళూ ఆ రేడియో గంటలా మోగింది. నోయిడా ఫ్లాట్‌కి మారాక స్టేషన్ అందడం మానేసింది. పొద్దున్న తెలుగు వార్తల వేళకు బుస్సుమనే చప్పుడు తప్ప మాట వినపడదు.

"టీవీలో రోజంతా తెలుగు వార్తలే వస్తున్నాయి కదమ్మా," అన్నారు ఆంటీ నాతో, ఆయనకు వినపడేటట్టు. "అవి చాలవు ఈయనకి. ఈ పెట్టె లోంచి వస్తేనే వార్తలట."

"టీవీ వార్తలకి ఎదురుగా కూర్చోవాలి. ఇవి గడ్డం గీసుకుంటూ వినొచ్చు."

"ఆ గడ్డం గంటసేపు గీస్తారు."

ఉస్తాద్‌జీకి తెలుగు రాకపోయినా సంగతి అర్థమైంది. "మేడమ్, అగ్‌లీ బార్ టీవీ భీ లే ఆయియే," అన్నారు గంభీరంగా. "ఉస్‌కీ ఆవాజ్ బంద్ కర్ దేతా హూఁ." వచ్చేసారి టీవీ కూడా తెమ్మని, దాని నోరు మూయిస్తానని. ఆంటీ నవ్వేశారు.

సెట్టు నాకు అప్పగించారు. వాల్వులు మార్చి చూశాను, బ్యాండ్ మీట తుడిచాను, రెండు రోజులు ఏమీ దొరకలేదు. మూడో రోజు ఏరియల్ తీగను ఒక్కో భాగానికి తాకిస్తూ పోతుంటే, దారిలో ఉన్న ఒక చిన్న కండెన్సర్‌ని దాటించి అవతలి కాలుకు తాకించగానే స్టేషన్ దుకాణం దద్దరిల్లేలా పలికింది. ఆ కండెన్సర్ ఎండిపోయింది, అంతే. సరైన కొత్తది మా దగ్గర లేదు, పాత ఢిల్లీ నుంచి తేవాలి. ఈలోగా మిగతా సర్దుబాట్లు చేసుకోవడానికి దాన్ని దాటిస్తూ ఒక తీగ ముక్క వేశాను.

ఎర్ర తీగ చుట్ట నా చేతికి అందేంత దూరంలోనే ఉంది. అయితే ఆ సెట్టు లోపలి అల్లిక ఎంత అందంగా ఉందంటే, ఎవరో దాన్ని కుట్టుపనిలా చేశారు. అందులో ఎర్ర ప్లాస్టిక్ ముక్క మరకలా ఉంటుందనిపించింది. పాడైపోయిన ఇంకో సెట్టు లోంచి గుడ్డ తొడుగు నల్ల తీగ కోసి, పాత వంపులను అనుకరిస్తూ వంచి అతికాను. ఏది ఫ్యాక్టరీలో వేసిందో ఏది నేను వేసిందో నాకే పోల్చుకోవడం కష్టమైంది. నా పనితనానికి నేనే మురిసిపోయాను.

సరిగ్గా అప్పుడే అంకుల్ వచ్చారు. తన రేడియో పలకడం విని గుమ్మంలోనే నిలబడిపోయారు. ఆ సంతోషంలో నేను ఎన్నడూ లేనిది నోరు తెరిచాను. "ఇంట్లో బాల్కనీలో బట్టలు ఆరేసే ఇనప తీగ ఉందా అంకుల్? ఏరియల్‌ని దానికి కలపండి. ఇంకా బాగా అందుతుంది."

"ఉంది, ఉంది. ఈ చివర నుంచి ఆ చివరిదాకా."

ఆ సాయంత్రమే నాకు జ్వరం వచ్చింది. నాలుగు రోజులు మంచం దిగలేదు.

ఇక్కడ ఒక్క సాంకేతిక విషయం చెప్పాలి, అది తెలియకపోతే నా భయం మీకు అర్థం కాదు. ఆ రకం పాత సెట్లలో ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. గోడలోంచి వచ్చే రెండు తీగల్లో ఒకటి నేరుగా లోపలి ఇనప చట్రానికి కలిసి ఉంటుంది. ప్లగ్గుకు రెండే కాళ్ళు, ఎటు తిప్పి అయినా పెట్టొచ్చు. ఒకవైపు పెడితే చట్రం మామూలుగా ఉంటుంది. తిప్పి పెడితే చట్రం నిండా ఇంటి కరెంటు ఉంటుంది. ఆ కరెంటు ఏరియల్ తీగలోకి రాకుండా ఆపేది ఆ చిన్న కండెన్సరే. మా బల్లకు మాత్రం కరెంటు విడిగా ఒక పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ గుండా వచ్చేది కనుక అక్కడ ఏ సెట్టును పట్టుకున్నా ఏమీ అయ్యేది కాదు. బల్ల దగ్గర నేను భయాన్ని మరచిపోవడం నేర్చుకున్నాను.

జ్వరం తగ్గి దుకాణానికి వెళ్ళిన రోజు ఉస్తాద్‌జీ లేరు, వాల్వుల కోసం పాత ఢిల్లీ మార్కెట్‌కి వెళ్తున్నానని చీటీ పెట్టారు. ఆయన సెల్‌ఫోన్ కొననని భీష్మించుకున్న మనిషి. పనిలోకి దిగే ముందు డైరీ రాయడం నా అలవాటు. ఎక్కడ ఆగానో చూద్దామని ముందు పేజీ తిప్పాను.

"ఏరియల్ కండెన్సర్ దాటించి తీగ వేశాను. ఎంత బాగా వచ్చిందో. ఈరోజు నేనే ముందుగా మాట్లాడాను, మూడు వాక్యాలు. కొత్తది రాగానే తీగ తీసెయ్యాలి."

అరలో చూశాను. నల్ల పెట్టె లేదు. రిజిస్టరులో ఆ సెట్టు ఎదురుగా మూడు రోజుల కిందటి తేదీతో ఉస్తాద్‌జీ చేతిరాత ఉంది, "ఠీక్. ఘర్ పహుంచా దియా." బాగైంది, ఇంటికి చేర్చాను అని. బల్ల మీద, నా ఐరన్ పక్కనే, నేను పాత ఢిల్లీ కొట్టుకు చెప్పి తెప్పించిన కొత్త కండెన్సర్ల పొట్లం విప్పకుండా ఉంది.

నాకు మొదట ఏమీ అనిపించలేదు. తర్వాత ఆంటీ తడి చీర కొంగు పట్టుకుని బాల్కనీలో నిలబడి ఉన్నట్టు కనిపించింది.

ఫోను చేశాను. ఎంగేజ్. మళ్ళీ చేశాను, ఎంగేజ్. మనవడు కంప్యూటర్లో ఇంటర్నెట్ పెట్టుకుంటే ఆ ఇంటి ఫోను పలకదని తర్వాత తెలిసింది. అప్పుడు నాకు తోచింది వేరు. ఇంతసేపు ఎవరికి చేస్తున్నారు? డాక్టరుకా? ఊళ్ళో ఉన్న బంధువులకా? అయిదోసారి కూడా అదే చప్పుడు విని రిసీవర్ పెట్టేశాను. టెస్టరు, ఐరన్, ఒక కొత్త కండెన్సరు సంచిలో వేసుకుని షట్టరు దించాను.

ఫరీదాబాద్ నుంచి నోయిడాకి అప్పట్లో మెట్రో లేదు. బదర్‌పూర్ దాకా ఒక బస్సు, అక్కడి నుంచి కాళిందీ కుంజ్ మీదుగా ఇంకొకటి. వారం రోజులుగా పొగమంచు కప్పేసి సూర్యుడు మొహం చూపించలేదు. ఎవరింట్లోనూ బట్టలు ఆరలేదు. ఆ రోజే మొదటిసారి ఎండ వచ్చింది. బస్సు కిటికీలోంచి చూస్తే దారి పొడవునా ప్రతి బాల్కనీలో బట్టలు. దుప్పట్లు, చీరలు, స్కూలు యూనిఫారాలు, రజాయి గలీబులు. ఇంటింటా ఆడవాళ్ళు బకెట్లు ముందు పెట్టుకుని తీగల మీద తడి బట్టలు విసురుతున్నారు. నేను తల దించుకుని నా చేతులే చూసుకుంటూ కూర్చున్నాను. పక్కసీటావిడ "తబియత్ ఖరాబ్ హై క్యా?" అంది, ఒంట్లో బాగాలేదా అని. తలూపాను.

ఉస్తాద్‌జీ ఏమన్నారో ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే బస్సులో సగం భయం ఆయన గురించే. సాయంత్రం నేను చెప్పినదంతా ఆయన విన్నారు. కళ్ళజోడు తుడుచుకున్నారు. "ఎరుపు లేదు, అయిపోయిందనుకున్నాను," అన్నారు హిందీలో. "నా చేతులతో నేనే ఆ తీగను బాల్కనీలో కట్టి వచ్చాను బేటీ. అమ్మాయి చెప్పిందట, అంతకంటే ఏం కావాలి అనుకున్నాను." అరిచి ఉంటే బాగుండేదనిపించింది. మర్నాటి నుంచి దుకాణంలో ఇంకో నియమం వచ్చింది. సెట్టు ఎవరు విప్పితే వాళ్ళే మూయాలి, వాళ్ళకు జ్వరం వస్తే సెట్టు కూడా ఆగాలి.

బస్సు కాళిందీ కుంజ్ వంతెన మీద ఆగిపోయింది. ముందు లారీ ఏదో చెడిపోయింది. నది మీద ఇంకా కొంచెం మంచు ఉంది. ప్లగ్గు సరైన వైపే ఉండి ఉంటుందని నాకు నేను చెప్పుకున్నాను. రెండు వైపుల్లో ఒకటి మంచిది. అప్పుడే ఇంకో ఆలోచన వచ్చింది. ఇవాళ మంచి వైపు ఉన్నా ఎవరో ఇస్త్రీ చేసుకోవడానికో ఫోను ఛార్జింగ్‌కో దాన్ని పీకి మళ్ళీ పెడతారు. ఒకసారి కాకపోతే ఒకసారి తిరగబడుతుంది. ఆ తీగ నా పేరు మీద అక్కడ వేలాడుతోంది. మనసులో దేవుళ్ళెవరికీ దండం పెట్టుకోలేదు. ఎండ పోవాలని మాత్రం కోరుకున్నాను. మళ్ళీ మంచు కమ్మితే ఎవరూ బట్టలు ఆరెయ్యరు.

సొసైటీ గేటు దగ్గర కాపలాదారు రిజిస్టరు ముందుకు తోశాడు. పేరు, ఫ్లాటు నంబరు రాశాను.

"పర్పస్ భీ లిఖియే మేడమ్."

వచ్చిన పనేమిటో కూడా రాయాలట. "రేడియో" అని రాశాను. అతను ఇంటర్‌కామ్ తీసి మోగించాడు. నేను అతని మొహం చూస్తూ నిలబడ్డాను.

"ఉఠా నహీ రహే," అన్నాడు. "ఘర్ పే కోయీ నహీ హై శాయద్."

ఎవరూ ఎత్తడం లేదట, ఇంట్లో ఎవరూ లేరేమోనట. నేను లోపలికి నడిచాను. అతను వెనక నుంచి ఏదో అన్నాడు. లిఫ్టు పైన ఎక్కడో ఆగి ఉంది. నాలుగు అంతస్తులు మెట్లెక్కాను. మూడో అంతస్తు దాటేసరికి ఆ రేడియో వినపడింది, ఇంటర్‌కామ్ ఎందుకు ఎత్తలేదో తెలిసింది. ఏదో పాత హిందీ పాట, ఎంత స్పష్టంగా అంటే తబలా మీద వేలి గోరు తగిలిన చప్పుడు కూడా తెలుస్తోంది. అంత బాగా పలుకుతోందంటే నా తీగ అక్కడే ఉందన్నమాట.

అంకుల్ తలుపు తీశారు, మంకీ క్యాపు, స్వెట్టరు.

"రా రా అమ్మా. ఉస్తాద్ పంపారా? విన్నావా ఎలా ఉందో? నీ సలహా అమోఘం."

ఆయన భుజం మీదుగా చూశాను. గది అవతల అద్దాల తలుపు, దాని వెనక బాల్కనీ. ఆంటీ తడి దుప్పటి ఒక కొసను రెండు చేతుల్తో ఎత్తి పట్టుకుని ఉన్నారు, రెండో కొస ఇంకా బకెట్లో ఉంది. నేలంతా నీళ్ళు. గోడకు ఆనుకుని పనిచేసే ఆమె, నలభై ఏళ్ళుంటాయి, చెప్పుల్లేని కాళ్ళతో, చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

"తార్ సే డర్ గయీ?" అంటున్నారు ఆంటీ, తీగకు భయపడ్డావా అని. "పని ఎగ్గొట్టడానికి ఎన్ని వేషాలే తల్లీ. హట్ జావ్, మై ఖుద్ డాల్తీ హూఁ." తప్పుకో, నేనే వేస్తానని.

"కల్ పూరా హాథ్ ఝన్‌ఝనా గయా, ఆంటీజీ. మై నహీ ఛూఊంగీ. జో కర్నా హై కర్ లో." నిన్న చెయ్యంతా జివ్వుమందని, ఇక ముట్టుకోనని, ఏం చేసుకుంటారో చేసుకోమని అంది పనామె.

ఆగండి అని అరవాలి. నోరు తెరిచాను. కంపెనీ ఇంటర్వ్యూల్లో ఎలా అయ్యేదో అలాగే అయింది, లోపల మాట ఉంది, బయటికి గాలి మాత్రం వచ్చింది. చెప్పులతోనే గదిలోకి వెళ్ళి, బల్ల పక్కన గోడలో ఉన్న ప్లగ్గు పట్టుకుని లాగేశాను. పాట ఆగింది. దుప్పటి తీగ మీద పడిన చప్పుడు, దాని నుంచి నీళ్ళు కారిన చప్పుడు వినిపించాయి.

"ఏమండీ, కరెంటు పోయిందా?" అని అడిగారు ఆంటీ బాల్కనీలోంచి.

ప్లగ్గు చేతిలో పెట్టుకుని నేలమీద కూర్చుండిపోయాను. ఎవరైనా వచ్చి దాన్ని మళ్ళీ పెట్టేస్తారేమోనని చున్నీ కింద దాచుకున్నాను. అంకుల్‌కి ఏమీ అర్థం కాలేదు. "అదేంటమ్మా, పాట మధ్యలో," అన్నారు. తర్వాత అందర్నీ గదిలోకి రమ్మన్నాను. దుప్పటి తీయించి, ప్లగ్గును అంతకుముందు ఎలా ఉందో అలాగే పెట్టి, నేను ఒక్కదాన్నే వెళ్ళి టెస్టరు ఆ తీగకు ఆనించాను. టెస్టరు లోపల ఎర్ర దీపం వెలిగింది. ఎండలో కూడా స్పష్టంగా కనిపించింది. వెనక్కి వచ్చి ప్లగ్గు తీసేశాను.

అంకుల్ కుర్చీలో కూర్చున్నారు.

"అయితే నాకు నిన్నటి నుంచి చేతులు జివ్వుమంటున్నది..." అన్నారు ఆంటీ.

"షుగర్ నరాలకెక్కిందన్నాను," అన్నారు ఆయన మెల్లగా. "శుక్రవారం డాక్టరుకి చూపిద్దామన్నాను."

ఆంటీ చలికాలమని మేజోళ్ళూ వాటి మీద రబ్బరు చెప్పులూ వేసుకుని తిరుగుతున్నారు. అవి ఆమెను కాపాడాయి. మంచు పడినన్నాళ్ళూ తీగ మీద చేతిరుమాళ్ళు, చిన్నవి తప్ప ఏమీ వెయ్యలేదు. ఇవాళ మాత్రం నీళ్ళోడుతున్న రెండు పడకల దుప్పట్లు, బాల్కనీ నిండా నీళ్ళు.

అంకుల్ గుమ్మం దగ్గర నిలబడి ఉన్న పనామె వైపు చూశారు. "నిన్న బల్ల తుడవడానికి ప్లగ్గు తీసి పెట్టింది ఈవిడే. తిప్పి పెట్టినట్టుంది. ఏం చేస్తాం, చదువూ సంధ్యా లేకపోతే ఇంతే."

ఆమెకు తెలుగు రాదు. ప్లగ్గు అన్న మాటా, ఆయన చూపూ సరిపోయాయి. కట్టుకున్న చేతులు విప్పింది.

నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నాకు కలిగింది ఊరట. తప్పు మోయడానికి ఇంకొకరు దొరికారు, నేను మౌనంగా ఉంటే చాలు, మౌనంగా ఉండటమే నాకు వచ్చిన పని. కండెన్సర్ సంచిలోనే ఉంది, వేసేసి వెళ్ళిపోవచ్చు. ఎంతసేపు అలా అనుకున్నానో చెప్పలేను. ఈ సంగతి ఇన్నాళ్ళూ డైరీలో కూడా రాయలేదు.

"ప్లగ్గు ఎటు పెట్టినా ఏమీ కాకూడదు అంకుల్," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "అందుకోసమే లోపల ఒక భాగం ఉంటుంది. దాన్ని దాటించి నేను తీగ వేశాను. తీసెయ్యడం మరిచిపోయాను. ఉస్తాద్‌జీకి తెలిసేలా కూడా వెయ్యలేదు. బట్టల తీగకు కలపమన్నదీ నేనే."

ఆయన మంకీ క్యాపు తీసేశారు.

"మా ఆవిడ పోయి ఉండేది."

"అవును అంకుల్."

ఆయన ఇంకేదో అనబోయారు. ఆంటీ అడ్డొచ్చారు. "పోలేదుగా. ముందు ఆ పిల్లకు మంచినీళ్ళివ్వండి." తర్వాత నాతో అన్నారు, "ఇదంతా దానికి హిందీలో కూడా చెప్పమ్మా. నేను దాన్ని తిట్టిందంతా హిందీలోనే తిట్టాను."

చెప్పాను. తడబడుతూ, ముక్కలు ముక్కలుగా చెప్పాను. ఆమె పూర్తిగా వింది. "మై కల్ సే బోల్ రహీ థీ," అంది, నాతో కాదు, ఆంటీతో. నిన్నటి నుంచీ చెబుతూనే ఉన్నానని. ఆంటీ తలొంచుకున్నారు.

సెట్టు వెనక అట్ట విప్పాను. నా నల్ల తీగ అక్కడే ఉంది, పాతవాటిలో కలిసిపోయి, చక్కటి వంపుతో. కోసేశాను. కొత్త కండెన్సర్ వేశాను. చేతుల వణుకు వల్ల అతుకు ముద్దగా వచ్చింది, నా జీవితంలో అంత వికారమైన అతుకు వెయ్యలేదు. అది అలాగే ఉంచాను. ప్లగ్గు ఒకవైపు పెట్టి, తిప్పి రెండోవైపు పెట్టి, రెండుసార్లూ ఏరియల్ కొసన టెస్టరు ఆనించాను. వెలగలేదు. అయినా ఏరియల్‌ని బట్టల తీగ నుంచి విప్పేసి, పుస్తకాల అలమర మీదుగా గది లోపలే కట్టాను. రేడియో పెడితే పాటతోపాటు బుస్సుమనే చప్పుడు కూడా వచ్చింది.

"కొంచెం గరగర వస్తోందమ్మా," అన్నారు అంకుల్.

"వస్తుంది అంకుల్. లోపలి ఏరియల్‌తో ఇంతే."

ఆయన కాసేపు విన్నారు. "రానీలే," అన్నారు.

వెళ్ళబోతూ బాల్కనీలోకి తొంగి చూశాను. నేను తీయించిన దుప్పటి, మిగతా బట్టలు బకెట్లో అలాగే ఉన్నాయి. పనామె తీగకు రెండడుగుల దూరంలో నిలబడి ఉంది.

"అబ్ కరెంట్ నహీ హై?" అని అడిగింది.

"నహీ. తార్ అలగ్ కర్ దియా." విప్పేశానని చెప్పి, టెస్టరు తీగకు ఆనించి చూపించాను. ఆమె దాన్ని చూడలేదు.

"వో తో ఆప్‌కా హై," అంది. ఆ వస్తువు మీది కదా అన్నట్టు. తర్వాత దుప్పటి బకెట్లోంచి ఎత్తి, నా వైపు చూసింది. "పెహ్‌లే ఆప్ పకడో."

ముందు నన్నే తీగ పట్టుకోమని. నా కాళ్ళ వైపు కూడా చూసింది. నేను చెప్పులు విడిచాను. నేల తడిగా, మంచుగడ్డలా ఉంది. ఏరియల్ తీగ గదిలో అలమర మీద ఉందని నాకు తెలుసు, నేనే కట్టాను. ఈ ఇనప తీగ ఇప్పుడు దేనికీ కలిసిలేదని తెలుసు. అయినా చెయ్యి లేవలేదు. ఆ పొద్దున్నుంచి పడ్డ భయమంతా ఒక ఎత్తు, అప్పుడు నిలబడ్డ ఆ నిమిషం ఒక ఎత్తు. నా పని మీద నాకే నమ్మకం లేదు, ఆమెకు ఎందుకుంటుంది.

గుప్పిట నిండా పట్టుకున్నాను. చల్లగా ఉంది. తుప్పు గరగరలాడింది. ఇంకేమీ లేదు.

"దూస్‌రా హాథ్ భీ."

రెండో చెయ్యి కూడా వేశాను.

అప్పుడు కదిలిందామె. దుప్పటిని నా రెండు చేతుల మధ్య తీగ మీదుగా విసిరి, అంచులు సరిచేసి, బకెట్లోంచి ఇంకొకటి తీసింది. నన్ను తీగ వదలమని చెప్పలేదు. బకెట్ ఖాళీ అయ్యేదాకా నేనూ వదల్లేదు.